మెడలోని గడ్డ: తాడా, పామా?

ఇంటి వైద్యం

పోయిన మార్గశిరంలో ఒక సోదరి నాకు నాలుగు పుటల ఉత్తరం వ్రాసింది. తమిళదేశంలో నాలుగు తరాలుగా స్థిరపడిన కుటుంబం. పేరూ ఊరూ వేయవద్దని కోరింది గాని, సంగతి మాత్రం పదిమందికీ ఉపయోగపడితే వ్రాయమన్నది. ఆమె అనుమతితోనే ఈ నెల ఈ విషయం ఎత్తుకుంటున్నాను.

ఆమెకు 46 ఏళ్ళు. తొమ్మిదేళ్ళుగా పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నది. "హాషిమోటో" అనే జబ్బు అని అప్పుడే చెప్పినారట. ఈమధ్య తల దువ్వుకుంటూ అద్దంలో చూసుకుంటే మెడకు కుడివైపున చిన్న ఉబ్బు కనిపించింది. స్కాను తీయించింది. కుడి భాగంలో 14 మిల్లీమీటర్ల గడ్డ, చుట్టూ చిన్నవి మరికొన్ని, మెడ నడుమ బిళ్ళలు రెండు మూడు అని వచ్చింది. సూది పరీక్ష చేయించింది. "మూడవ తరగతి, అనుమానం" అని వచ్చింది. ఆ కాగితం చూసిన ఒకరు, వారం లోపల గ్రంథి మొత్తం తీసివేయాలన్నారు. మరొకరు, హాషిమోటోలో ఇవి మామూలే, మాత్ర వేసుకుంటూ ఉండమన్నారు.

ఉత్తరం చివర ఆమె వ్రాసిన మాటలివి: "ఫాల్గుణంలో మా అమ్మాయి పెళ్ళి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రాచపుండే అయితే పెళ్ళిదాకా ఆగితే ప్రాణానికి ముప్పా? కాకపోతే ఊరికే గొంతు కోయించుకోవాలా? ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాట వినాలి?"

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నది, కొంత తొందర ఉన్నది. మసక వెలుతురులో తాడును చూసి పామనుకొని కేకవేసేవారున్నారు. పామును చూసి తాడేలే అని కాలు పెట్టేవారూ ఉన్నారు. హాషిమోటో జబ్బు ఉన్న మెడలో వెలుతురు ఎప్పుడూ మసకగానే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

కంచే చేను మేస్తే

గొంతు ముందు భాగంలో, ఊపిరి గొట్టాన్ని వాటేసుకొని, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి థైరాయిడ్. తూకం ఇంచుమించు 20 గ్రాములు. శరీరంలోని పొయ్యి మంట ఎంత ఉండాలో నిర్ణయించేది ఇదే. ఇది ఊరించే హార్మోను తగ్గితే ఒళ్ళు బరువు, చలి, మలబద్ధం, జుట్టు రాలడం, ముట్టు ఎక్కువ కావడం, దేనిమీదా మనసు లేకపోవడం కనిపిస్తాయి. తలలోని పిట్యూటరీ గ్రంథి దీనికి పై అధికారి. హార్మోను తగ్గినప్పుడల్లా "ఇంకా పని చెయ్యి" అని టి.ఎస్.హెచ్. అనే తాఖీదు పంపుతుంది. రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. ఎక్కువగా ఉన్నదంటే గ్రంథి వెనుకబడిందని అర్థం.

మన శరీరంలో రోగక్రిములను ఎదిరించే కాపలా సైన్యం ఉన్నది. కొందరిలో ఆ సైన్యం తన ఇంటివారినే శత్రువులనుకొని థైరాయిడ్ మీదికి పోతుంది. కంచే చేను మేయడమంటే ఇదే. లింఫోసైట్లనే తెల్లకణాలు గ్రంథిలో గుడారాలు వేస్తాయి, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా దాన్ని తింటాయి. మగవారికంటె ఆడవారిలో ఇది ఎన్నోరెట్లు ఎక్కువ.

దీన్ని మొదట వర్ణించినవాడు హకారు హాషిమోటో అనే జపాను వైద్యుడు. ముప్పై దాటీ దాటని వయస్సులో, ఫుకువోకా నగరంలో, నలుగురు స్త్రీల గొంతులనుంచి తీసిన గ్రంథులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, 1912లో ఒక జర్మను పత్రికలో ప్రకటించాడు. తరువాత కొన్నేళ్ళకు స్వగ్రామం చేరి పల్లెవైద్యుడుగా ఉండిపోయి, 1934లో టైఫాయిడ్‌తో కన్నుమూశాడు. తన పేరు ప్రపంచమంతటా రోగుల చీటీలమీద ఎక్కుతుందని ఆయన ఎరగడు. ఈ జబ్బు సొంత సైన్యం చేసే దాడి అని తెలిసింది 1956లో. ఆ ఏడే లండనులో రాయిట్, డోనియాక్, వారి తోటివారు ఈ రోగుల రక్తంలో సొంత థైరాయిడ్‌కు వ్యతిరేకంగా పనిచేసే యాంటీబాడీలను కనుగొన్నారు. అమెరికాలో రోజ్, విటెబ్‌స్కీలు కుందేళ్ళలో అదే జబ్బును పుట్టించి చూపారు.

ఆ 1956లోనే మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి హిమాలయాల అడుగున కాంగ్రా లోయలో గొంతువాపు మీద పరిశోధన ఆరంభించారు. ఉప్పులో అయొడిన్ కలిపితే ఆ వాపు తగ్గుతుందని అక్కడ రుజువైంది. దేశమంతటా అయొడిన్ ఉప్పు రావడానికి అది పునాది. ఆ వాపు అయొడిన్ లేమివల్ల వచ్చేది, హాషిమోటోది వేరే దారి. అందుచేత హాషిమోటో ఉన్నదని ఇంట్లో అయొడిన్ ఉప్పు మానవద్దు. అలాగని బలానికంటూ సముద్రపు పాచి మాత్రలు మింగవద్దు. అయొడిన్ అతిగా పడితే ఈ జబ్బు ముదురుతుంది.

గడ్డలన్నీ పుండ్లు కావు

మెడలో గడ్డ అనగానే రాచపుండు అనుకోవడం సహజం. కాని ఒక సంగతి గుర్తుంచుకోవాలి. స్కాను పెట్టి వెతికితే నడివయస్సు దాటిన ఆడవారిలో సగానికి దగ్గరగా ఏదో ఒక గడ్డ కనిపిస్తుంది. వాటిలో కాన్సరుగా తేలేవి నూటికి పదికి అటూ ఇటూ. ఆ కాన్సర్లలోనూ నూటికి 80కి పైగా పాపిల్లరీ అనే రకం. తాబేలు నడక నడిచేది. సకాలంలో పట్టుకుంటే దాదాపు అందరూ బాగుపడతారు.

మరి హాషిమోటో ఉన్నవారికి కాన్సరు ఎక్కువ వస్తుందా? ఈ ప్రశ్న 1955లో డెయిలీ, లిండ్సే మొదలైన అమెరికా వైద్యులు ఎత్తింది. నేటికీ వాదం తీరలేదు. తీరకపోవడానికి కారణం తమాషాగా ఉంటుంది. శస్త్రచికిత్స చేసి తీసిన గ్రంథులను లెక్కపెట్టినవారు, రెండూ జతగా చాలాసార్లు కనిపిస్తున్నాయన్నారు. సూది పరీక్షకు వచ్చినవారందరినీ లెక్కపెట్టినవారు, అంత జత ఏమీ లేదన్నారు. ఆసుపత్రి వాకిట నిలబడి లెక్కపెడితే ఊరంతా రోగులే అనిపించదా? అనుమానం ఉన్నవారినే కత్తికింద పెడతారు, అందుచేత అక్కడ కాన్సరు ఎక్కువ కనిపిస్తుంది. నిజం ఈ రెంటి నడుమ ఎక్కడో ఉన్నది. కొంచెం ఎక్కువ కావచ్చునని నేడు పలువురి అభిప్రాయం. ఊరటనిచ్చే మాట ఒకటి: హాషిమోటోతో కలిసి వచ్చిన పాపిల్లరీ కాన్సరు, అది లేకుండా వచ్చినదానికంటె సాధువుగా ఉంటుందని చాలా పరిశోధనలు చెబుతున్నాయి.

కాబట్టి హాషిమోటో ఉన్నంత మాత్రాన కాన్సరు వస్తుందని బెదరరాదు. హాషిమోటో ఉన్నది గనుక గడ్డ ఏదైనా ఫరవాలేదని నిద్రపోనూరాదు.

మసక ఎక్కడెక్కడ

మొదటి మసక చేతికింద. ఆరోగ్యమైన థైరాయిడ్ మెత్తగా ఉంటుంది, గడ్డ వేరుగా చేతికి తగులుతుంది. హాషిమోటో గ్రంథి అంతా గట్టిగా, గతుకులుగా ఉంటుంది. అందులో అసలు గడ్డ ఏదో, గతుకు ఏదో చేయి తిరిగిన వైద్యుడికీ తెలియదు.

రెండవది స్కాను. శబ్దతరంగాలతో తీసే ఈ బొమ్మలో మంచి థైరాయిడ్ సమంగా తెల్లగా కనబడుతుంది. కాన్సరు గడ్డ సాధారణంగా నల్లగా కనబడుతుంది. హాషిమోటోలో గ్రంథి మొత్తమే నల్లబడి ఉంటుంది. నల్లనేలమీద నల్లగొర్రెను వెతకడమే. పైగా తెల్లకణాలు గుంపుకట్టినచోట అచ్చం గడ్డలాగే కనిపిస్తుంది. దీన్ని దొంగగడ్డ అనవచ్చు. స్కాను గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తే దొంగగడ్డ కరిగిపోతుంది, నిజమైన గడ్డ రెండువైపులనుంచీ గడ్డగానే నిలుస్తుంది. నల్లని గ్రంథిలో చిన్నగా, తెల్లగా, గుండ్రంగా ఉండేవి చాలావరకు నిరపాయమైనవి.

అనుమానించవలసిన గుర్తులు ఇవి: గట్టిగా నిండుగా ఉండి చుట్టూ ఉన్నదానికంటె మరీ నల్లగా ఉండడం, వెడల్పుకంటె లోతు ఎక్కువగా ఉండడం, అంచులు రంపపు పళ్ళలా ఉండడం, లోపల ఇసుక రేణువుల వంటి సున్నపు చుక్కలు కనబడడం. ఈ గుర్తులకు మార్కులు వేసి గడ్డలను అయిదు మెట్లుగా విభజించే పద్ధతిని అమెరికా రేడియాలజీ కళాశాల 2017లో ప్రకటించింది. మన దగ్గర కూడా రిపోర్టులో "టైరాడ్స్" అని ఒక అంకె వేస్తున్నారు. అయిదవ మెట్టు గడ్డ 1 సెంటీమీటరు ఉంటే సూది వేయాలి, నాలుగవది ఒకటిన్నర ఉంటే, మూడవది రెండున్నర ఉంటే. నీటితిత్తికీ, స్పంజిలా ఉన్నదానికీ సూది అక్కరలేదు.

మూడవ మసక బిళ్ళలు. కాలికి ముల్లు గుచ్చుకొని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. అలాగే ఏళ్ళ తరబడి వాపు ఉన్న థైరాయిడ్ పక్కన, ముఖ్యంగా మెడ నడుమ, లింఫు బిళ్ళలు కట్టడం హాషిమోటోలో మామూలే. కాన్సరు పాకినా అక్కడే బిళ్ళ కడుతుంది. మామూలు బిళ్ళ చిక్కుడు గింజలా పొడుగ్గా, నడుమ తెల్లని గీతతో ఉంటుంది. కాన్సరు బిళ్ళ గుండ్రంగా, ఆ గీత పోయి, ఒక్కోసారి లోపల నీరో సున్నపు చుక్కలో కలిగి ఉంటుంది. మెడ పక్కల ఇలాంటిది కనబడితే దానికే సూది వేయాలి.

నాలుగవది, అన్నిటికంటె చిక్కైనది, సూది పరీక్ష. ఇంజెక్షను సూదికంటె సన్నని సూదితో గడ్డలోని కణాలను కొన్ని తీసి, గాజుపలకమీద పరచి, రంగువేసి చూస్తారు. మత్తు అక్కరలేదు, పావుగంట పని. "సూది గుచ్చితే రాచపుండు కదిలి పాకుతుందట" అని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటారు. అది అత్యంత అరుదు. ఆ భయంతో పరీక్ష మానవద్దు.

చిక్కు ఎక్కడంటే, దెబ్బలు తిన్న థైరాయిడ్ కణాలు రూపు మార్చుకుంటాయి. కొన్ని ఉబ్బి హర్తిల్ కణాలవుతాయి. కొన్నిటి కేంద్రాలు పెద్దవై, పాలిపోయి, గీతలుపడి పాపిల్లరీ కాన్సరు వేషం వేస్తాయి. తెల్లకణాల గుంపు కింద నిజమైన కాన్సరు కణాలు దాగిపోవడమూ కలదు. చూసేవారికి ఈమెకు హాషిమోటో ఉన్నదని తెలిస్తే ఒకలాగ చదువుతారు, తెలియకపోతే మరొకలాగ చదువుతారు. చిత్రమేమంటే, పరీక్షకు పంపే చీటీలో ఆ ఒక్క ముక్క వ్రాయడం చాలామంది మరచిపోతారు.

తరగతి అంటే తీర్పు కాదు

సూది పరీక్ష ఫలితాన్ని ఆరు తరగతులుగా చెప్పే పద్ధతి అమెరికాలోని బెథెస్డా అనే ఊళ్ళో 2007లో జరిగిన సభనుంచి వచ్చింది. దాని మూడవ కూర్పు 2023లో వెలువడింది. దాని ప్రకారం, ఒకటవ తరగతి అంటే కణాలు చాలలేదు, మళ్ళీ తీయాలి. రెండు అంటే నిరపాయం. అందులో కాన్సరు తేలేది నూటికి 4. మూడు అంటే తేల్చలేని మార్పు, నూటికి 22. నాలుగు నూటికి 30. అయిదు అంటే గట్టి అనుమానం, నూటికి 74. ఆరు అంటే కాన్సరే, నూటికి 97.

మన సోదరికి వచ్చింది మూడు. భయపడినవారు 22ను చూస్తారు. మిగిలిన 78ని ఎందుకు చూడరాదు? పైగా ఆ లెక్క ఎక్కువగా శస్త్రచికిత్స దాకా పోయినవారిదే. పోనవసరం లేనివారిని కలిపితే ఇంకా తగ్గుతుంది. మూడవ తరగతి ఇచ్చిన వైద్యుడు తన కంటికి అందలేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు, అంతే. ఆ ఒప్పుకోలును తీర్పుగా తీసుకొని గ్రంథి మొత్తం తీయించడం తొందరపాటు.

తీయించడం చిన్న సంగతి కాదు. థైరాయిడ్ వెనకనుంచే మాట పలికించే నరాలు పోతాయి, వాటికి దెబ్బతగిలితే గొంతు బొంగురుపోతుంది. పక్కనే గోధుమగింజలంత పారాథైరాయిడ్ గ్రంథులు నాలుగు ఉంటాయి, అవి పోతే రక్తంలో కాల్షియం పడిపోయి వేళ్ళు కొంకర్లు పోతాయి. హాషిమోటో గ్రంథి చుట్టూ అతుక్కొని ఉండడంచేత కత్తిపని మరింత కష్టం. అవసరమైతే చేయించుకోవలసిందే. అవసరమో కాదో తేల్చుకున్న తరువాత.

నేను వ్రాసిన జవాబు

ఆ సోదరికి నేను అయిదు సంగతులు వ్రాశాను.

మొదటిది, ఆ గాజుపలకలు మీవి. అడిగి తీసుకోండి. థైరాయిడ్ కణాలు రోజూ చూసే మరొక పెద్ద ఆసుపత్రిలో మళ్ళీ చదివించండి. "తొమ్మిదేళ్ళుగా హాషిమోటో, ఫలానా మాత్ర ఇంత మోతాదు" అని చీటీలో వ్రాయించండి.

రెండవది, టి.ఎస్.హెచ్. ఎంత ఉన్నదో చూపించి మాత్ర సరిచేయించుకోండి. ఇది కాన్సరు పరీక్ష కాదు. యాంటీబాడీల అంకె కూడా కాన్సరును చెప్పదు. రక్తంలో వేలల్లో యాంటీబాడీలు ఉన్నాయని బెంగపడేవారికి ఇది చెప్పడం అవసరం.

మూడవది, కొన్ని వారాలు గడిచాక, స్కాను చూస్తూ ఆ 14 మిల్లీమీటర్ల గడ్డకే సూది మళ్ళీ వేయించండి. బిళ్ళల రూపు జాగ్రత్తగా చూడమనండి. కణాలలోని జన్యువులను పరీక్షించే కొత్త పరీక్షలు కొన్ని ఉన్నాయి. పెద్ద నగరాలలో దొరుకుతాయి, ఖర్చు ఎక్కువ. రెండుసార్లు సూది వేసినా తేలకపోతే అప్పుడు ఆలోచించవచ్చు.

నాలుగవది, అప్పటికీ అనుమానం తీరకపోతే, గ్రంథి మొత్తం కాకుండా గడ్డ ఉన్న సగం మాత్రం తీసి పరీక్షించే పద్ధతి ఉన్నది. దాని గురించి అడగండి.

అయిదవది పెళ్ళి సంగతి. ఒకవేళ పాపిల్లరీ కాన్సరే అయినా, మూడు నెలల్లో ప్రాణంమీదికి వచ్చేది కాదు. హాషిమోటో పుట్టిన జపానులోనే, కోబెలోని కూమా ఆసుపత్రిలో, 1993నుంచి 1 సెంటీమీటరుకు మించని చిన్న పాపిల్లరీ కాన్సర్లను కోయకుండా, స్కానుతో కనిపెట్టుకొని ఉండే పద్ధతి నడుస్తున్నది. అలా 1,235 మందిని చూసి 2014లో ప్రకటించారు. పదేళ్ళలో గడ్డ 3 మిల్లీమీటర్లు పెరిగినవారు నూటికి 8, బిళ్ళలకు పాకినవారు నూటికి 4 లోపు. పాకినవారికి అప్పుడే శస్త్రచికిత్స చేశారు. ఆ జబ్బుతో చనిపోయినవారు లేరు. మీ గడ్డ అంతకంటె కొంచెం పెద్దది, మీకు కోత అక్కరలేదని దీని అర్థం కాదు. మీ అమ్మాయి మెడలో మంగళసూత్రం పడేదాకా ఆగగల వ్యవధి ఉన్నదని మాత్రమే అర్థం.

చివర మరొక మాట కలిపాను: ఇంట్లో చెప్పండి. మన ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో, రిపోర్టు ఇంగ్లీషులో. డాక్టరు ముందు ఒక్కతే కూర్చున్న ఆడమనిషి అర్థమైనా కాకపోయినా తల ఊపి వస్తుంది. చదువుకున్న అల్లుడో, తమ్ముడో, కూతురో పక్కన ఉంటే మళ్ళీ అడిగి తెలుసుకోవచ్చును.

నా తప్పు ఒకటి

ఇంతవరకు చదివి, "సరే, ఆగవచ్చునన్నమాట" అని ఊరుకునేవారికోసం నా సొంత తప్పు ఒకటి చెబుతాను.

చాలాకాలం క్రిందట మా వీధిలో ఒక అవ్వ ఉండేది. డెబ్భై దాటినది. పన్నెండేళ్ళుగా హాషిమోటో, నా మందే. ఒకనాడు వచ్చి, "నాయనా, రవిక మెడ బిగుతయింది, ముద్ద దిగడంలేదు" అన్నది. గొంతు కొంచెం బొంగురుగా ఉన్నది. మెడ చేత్తో చూశాను. గట్టిగా ఉన్నది. ఎప్పుడూ గట్టిగానే ఉండేది గదా! "పాత వాపే అవ్వా" అని మాత్ర పెంచి, నెల ఆగి రమ్మన్నాను.

ఆమె మనుమడు నెల ఆగలేదు. ఇరవై రోజులకే పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాడు. అప్పటికి పడుకుంటే ఊపిరి ఆడడంలేదు. అక్కడ సన్నసూది వేస్తే ఉత్త తెల్లకణాలు వచ్చాయి. హాషిమోటోలోనూ అవే వస్తాయి. కాని అక్కడి వైద్యుడు దానితో తృప్తిపడక, లావుసూదితో ముక్క తీసి పరీక్షకు పంపాడు. థైరాయిడ్ లింఫోమా అని తేలింది. ఏళ్ళ తరబడి గ్రంథిలో గుడారం వేసిన ఆ తెల్లకణాలే అదుపుతప్పి కాన్సరుగా మారడమన్నమాట. ఇది బహు అరుదు, కాని వస్తే చాలావరకు హాషిమోటో ఉన్నవారికే, అందులోనూ వయస్సు మళ్ళినవారికే వస్తుంది. దీనికి ముఖ్యవైద్యం కత్తి కాదు, మందులూ కిరణాలూ. నరంలోకి మందు ఎక్కించిన వారంలోపలే అవ్వ మెడ సగానికి దిగింది. ఆమె బ్రతికి, ఆ మనుమడి పెళ్ళి చూసింది. ఆ ఇరవై రోజులు మాత్రం నా లెక్కలో పోయాయి. మనుమడు కూడా నా మాట విని ఉంటే ఏమయ్యేదో!

తొమ్మిది మందిలో తాడును తాడని చెప్పిన ధైర్యంతో పదవసారి పామును తాడన్నాను. అప్పటినుంచి హాషిమోటో ఉన్నవారు ఎవరు వచ్చినా నేను అడిగే ప్రశ్నలు ఇవి. మీరూ గుర్తుంచుకోండి. మెడ వారాలలో పెరిగిందా? గొంతు బొంగురుపోయి తగ్గకుండా ఉన్నదా? మింగుడు పడడంలేదా? పడుకుంటే ఊపిరి బిగుస్తున్నదా? మెడ పక్కల గట్టి బిళ్ళ కదలకుండా ఉన్నదా? చిన్నతనంలో మెడకు కిరణవైద్యం జరిగిందా? ఇంట్లో రక్తసంబంధీకులెవరికైనా థైరాయిడ్ కాన్సరు వచ్చిందా? మొదటి అయిదింటిలో ఒక్కటి ఔనన్నా, పెళ్ళి ఉన్నా పేరంటం ఉన్నా ఆగరాదు. చివరి రెండింటిలో ఒకటి ఔనంటే, చిన్నగడ్డనైనా తేలికగా తీసుకోరాదు.

ఏ బాధా లేనివారు ఊరికే మెడ స్కాను తీయించుకోవడం మాత్రం నేను చెప్పను. దక్షిణ కొరియాలో 1999 తరువాత కాన్సరు పరీక్షలు విరివిగా సాగినప్పుడు, అదనంగా మెడ స్కానులు కూడా తీశారు. 2011 నాటికి థైరాయిడ్ కాన్సరు లెక్క 1993లో ఉన్నదానికి 15 రెట్లయింది. ఆ జబ్బుతో చనిపోయేవారి సంఖ్య మాత్రం తగ్గలేదు, పెరగలేదు. వేలమంది మెడలమీద గాటు మిగిలింది. హాషిమోటో ఉన్నవారికి మొదట ఒకసారి, చేతికి గడ్డ తగిలినప్పుడు, మెడ రూపు మారినప్పుడు స్కాను చాలు.

మరొక చిన్నమాట. హాషిమోటో ఉన్నవారికి థైరాయిడ్ కాన్సరుకు శస్త్రచికిత్స అయితే, తరువాత జబ్బు మళ్ళీ వచ్చిందా అని చూడడానికి థైరోగ్లోబులిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. వీరి రక్తంలోని యాంటీబాడీలు ఆ పరీక్షను పక్కదారి పట్టిస్తాయి. లేనట్టు చూపిస్తాయి. అందుచేత ఆ పరీక్షతోపాటు యాంటీబాడీల పరీక్ష కూడా ప్రతిసారీ, వీలైతే ఒకే చోట చేయించాలి. యాంటీబాడీలు ఏటేటా తగ్గుతుంటే మంచి గుర్తు. పెరుగుతుంటే వెతకాలి.

మాత్ర సంగతి అందరికీ తెలిసినదే అయినా మళ్ళీ చెబుతాను. లేవగానే పరగడుపున మంచినీళ్ళతో వేసుకొని, అరగంటనుంచి గంటదాకా కాఫీ ముట్టరాదు. మన దక్షిణాదివారికి ఇది కష్టమైన వ్రతమే. కాని కాఫీతో మింగిన మాత్ర పూర్తిగా ఒంటబట్టదు. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

తరువాత సంగతి

పోయిన వారం ఆ సోదరి రెండవ ఉత్తరం వచ్చింది, పసుపు పూసిన శుభలేఖతోబాటు. గాజుపలకలను మరొక చోట చదివినవారు, హాషిమోటో సంగతి ముందే తెలుసు గనుక, ఇవి దెబ్బతిన్న కణాల మార్పులుగా తోస్తున్నాయి, సూది మళ్ళీ వేయండి అన్నారట. మళ్ళీ వేస్తే రెండవ తరగతి వచ్చింది. బిళ్ళలు చిక్కుడు గింజ ఆకారంలోనే ఉన్నాయట. ఏడాదికి మళ్ళీ స్కానుకు రమ్మన్నారు. గ్రంథి ఆమె మెడలోనే ఉన్నది.

"ఏడాది తరువాత వెళ్ళాలా, ఇక అక్కరలేదా?" అని అడిగింది.

వెళ్ళాలి తల్లీ. రెండవ తరగతిలోనూ నూటికి నలుగురున్నారని పైన వ్రాశాను గదా. ఈసారి ఒంటరిగా పోవద్దు. కొత్త అల్లుడిని వెంటబెట్టుకొని వెళ్ళు.